కిలోమీటరుకి ఐదు మీటర్లు అడ్డంగా

సరుకు మోసే పికప్ బండి టైరు ఇంచుమించు 70 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. ముందు చక్రాలు రెండూ ఉండాల్సినదానికన్నా 7 మిల్లీమీటర్లు ఎక్కువగా లోపలికి తిరిగి ఉన్నాయనుకుందాం. ఒక్కో చక్రం వాటా మూడున్నర మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. డ్రైవరు చేతికీ తెలియదు, ఎందుకంటే రెండు చక్రాలూ సమానంగా ఒకదానికెదురు ఒకటి తోసుకుంటుంటే బండి ఎటూ లాగకుండా తిన్నగానే పోతుంది. లెక్క కట్టి చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. కిలోమీటరు దొర్లేసరికి ఆ టైరు ఐదు మీటర్ల మేర అడ్డంగా ఈడ్చుకుపోతోంది. 10 వేల కిలోమీటర్లకి 50 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి గుంటూరు దాటి చిలకలూరిపేట దారి పట్టేంత దూరం, తారు మీద రబ్బరుని అడ్డంగా గీకుతూ పోయినట్టన్నమాట. డీజిలు నష్టం దీనికి అదనం.

మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి టిక్కీలు, కైకలూరు చేపలు, కడియం మొక్కలు. వీటిలో ఏది కదలాలన్నా మధ్యలో ఎక్కడో ఓ పికప్ ఉంటుంది. దాని సొంతదారు చాలాసార్లు డ్రైవరు కూడా తనే. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి, తెల్లారేసరికి మార్కెట్లో ఉండాలి. అలాంటివాడికి టైరంటే వేలల్లో ఖర్చు, అలైన్‌మెంటంటే వందల్లో. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సంతోషమే. కానీ ఆ మిగులు వంకర చక్రానికి ఒక్క సీజను మేతకి కూడా చాలదు.

మరి ఆ వందలు పెట్టినవాళ్ల టైర్లన్నీ బాగుంటున్నాయా అంటే, అదీ లేదు. నెలకోసారి అలైన్‌మెంట్ చేయించి మరీ టైర్లు పోగొట్టుకునేవాళ్లు ఏ ఆటోనగర్‌లోనైనా కనిపిస్తారు. తక్కువ ఖర్చులో పని కావాలంటే చౌక షాపు వెతికితే చాలదు. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరుస తప్పకూడదు. మిషను ఆ వరుసలో చివర్లో వస్తుంది. మనవాళ్లు దాన్నే మొట్టమొదట పెడతారు.

కాగితం పచ్చగానే ఉంది

విజయవాడ ఆటోనగర్‌లో ఓ కమాన్ కట్టల షాపు ముందు ఈ మాటలు రోజూ వినపడేవే.

"మేస్త్రిగారూ, మొన్ననే అలైన్‌మెంట్ చేయించానండీ. పట్టుమని పదిరోజులు కాలేదు, మళ్లీ ఎడమకి లాగుతోంది."

"కాగితం ఇచ్చారా?"

కుర్రాడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తాడు. అంకెలన్నీ పచ్చరంగులోనే ఉన్నాయి.

"ఇందులో అంతా బాగానే ఉందే. బండి కిందికి దూరి చూశారా ఎవరైనా?"

"లేదండీ, లోడుకి టైమైపోతోందని..."

మేస్త్రి ఇంకేం మాట్లాడడు. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రం నేలకి నాలుగు వేళ్లు లేచేదాకా ఎత్తిస్తాడు. గునపం లాంటి లీవరు టైరు కిందికి దోపి పైకి ఓ కుదుపు కుదుపుతాడు. 'టక్'మంటుంది. ఇంకో కుదుపు, మళ్లీ 'టక్'. కింగ్‌పిన్ బుష్షులు అరిగిపోయి చక్రం తన ఇష్టానికి ఊగుతోంది. ఊగే చక్రానికి కొలత తీస్తే, అది ఆ నిమిషంలో ఎటు ఒరిగి ఉందో ఆ కొలతే వస్తుంది. బండి గేటు దాటి మొదటి గుంతలో పడగానే ఆ కాగితానికి విలువ లేదు.

ఈ ఆట చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చక్రం ఎత్తాక పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపాలి. ఊగితే హబ్బు బేరింగైనా కావాలి, కింగ్‌పిన్నో బాల్ జాయింటో అయినా కావాలి. ఏదో తేల్చడానికి ఒక చిట్కా ఉంది. పక్కవాణ్ని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోయిందా, బేరింగుదే తప్పు. బ్రేకు తొక్కినా ఊగుతోందా, జబ్బు దాని వెనక ఉంది. తర్వాత చేతులు అటూ ఇటూ, గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట వేసి ఊపాలి. అప్పుడు ఊగితే టైరాడ్ ఎండ్ల మీద అనుమానం. బండి దింపాక ఒకరు స్టీరింగుని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కిందినుంచి చూడాలి. ఎక్కడ ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క కదలకుండా ఆగుతుందో, ఖర్చు పెట్టాల్సింది అక్కడే. బండి కింద తల పెట్టేటప్పుడు జాకీనొక్కదాన్నే నమ్ముకోకూడదు. స్టాండు వేయాలి, వెనక చక్రాలకి చెక్క దుంగలు అడ్డం పెట్టాలి.

అరచేత్తో తడిమితే

టైరు అరుగుదల అబద్ధమాడదు, చదవడం రావాలంతే. రెండు అంచులూ అరిగి మధ్య నిక్షేపంగా ఉంటే గాలి తక్కువ, లేదా లోడు ఎక్కువ. మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఒక్క అంచు నున్నగా పోతే క్యాంబర్ తేడా, అంటే చక్రం నిటారుగా నిలబడకుండా పక్కకి ఒరిగి ఉంది. అక్కడక్కడా గుంటలు గుంటలుగా పోతే షాక్ అబ్జార్బర్లు, బ్యాలెన్సింగ్, బేరింగు చూసుకోవాలి, అలైన్‌మెంట్ దాకా పోనక్కర్లేదు.

టో తేడాని మాత్రం కంటికన్నా చెయ్యి ముందు పట్టేస్తుంది. చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకి పోనివ్వండి. తర్వాత లోపలినుంచి బయటికి. ఒకవైపు నున్నగా జారి రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే టో చెడినట్టే. లోపలికి పోయేటప్పుడు నున్నగా ఉండి బయటికి వచ్చేటప్పుడు గుచ్చుకుంటే టో-ఇన్ ఎక్కువైంది. తిరగబడితే టో-అవుట్. రబ్బరు పూర్తిగా పోకముందే, ఇంకా వందల్లో తేలే దశలోనే దొరికే సాక్ష్యం ఇది. పొద్దున్నే టైర్లని కాలితో తన్ని గాలి చూసుకునే డ్రైవర్లు బోలెడుమంది, వంగి చేత్తో తడిమేవాళ్లు తక్కువ.

ఒక్క హెచ్చరిక. ముందు టైర్లు కోసుకుపోతున్నాయని వెనక్కి మార్చేసి ఊరుకుంటే సాక్ష్యం చెరిపేసినట్టే. ముందుకొచ్చిన టైర్లకీ అదే గతి పడుతుంది.

పైసా పెట్టకుండా

బండి పక్కకి లాగుతుంటే మొదట గాలి. చల్లటి టైరులో, తలుపు దగ్గర అతికించిన పట్టీలో కంపెనీ రాసినంత. ఎడమ, కుడి టైర్ల మధ్య ఐదారు పౌండ్ల తేడా చాలు బండి పక్కకి పోవడానికి. ఒకే ఇరుసుకి ఒకవైపు రేడియల్, రెండోవైపు పాత నైలాన్ టైరు వేసినా ఇదే తంతు.

గాలి సరిగ్గానే ఉంటే ముందు టైర్లు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి నడపండి. లాగుడు కూడా పక్క మారిస్తే తప్పు టైరుదే, చక్రాలది కాదు. (బాణం గుర్తున్న ఒకే దిశ టైర్లకి ఈ పరీక్ష కుదరదు.) తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం పోయి, దిగి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా కాలిపోతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగినా అంతే, అలైన్‌మెంట్‌ని ఆడిపోసుకోనక్కర్లేదు.

రోడ్డు సంగతి కూడా ఉంది. నీళ్లు జారిపోవడానికి రోడ్లకి పక్కలకి వాలు పెడతారు. ఎడమ పక్కన నడిచే బండి కాస్త ఎడమకి జారడం సహజం. చదునుగా, ఖాళీగా ఉన్న చోట చూశాకే లాగుతోందో లేదో తేల్చాలి.

వెనక నుంచి మొదలెడితే

అలైన్‌మెంట్ అనగానే అందరి చూపూ ముందు చక్రాల మీదకే పోతుంది. పికప్‌లో దొంగ చాలాసార్లు వెనక దాక్కుంటాడు. వెనక ఇరుసు కమాన్ కట్టల మీద కూర్చుని ఉంటుంది. ఒక్కో కట్టలోని పట్టీలన్నింటినీ కలిపి గుచ్చే సెంటర్ బోల్టు ఒకటి, కట్టని ఇరుసుకి బిగించి పట్టే యూబోల్టులు రెండు. మోతాదు మించి లోడెత్తినప్పుడు పట్టీలు నలిగి యూబోల్టులు వదులవుతాయి. అవి వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడుతుంది, ఏదో ఒకరోజు అది పుటుక్కుమంటుంది. అప్పుడు ఇరుసు ఒకవైపు ముందుకో వెనక్కో జరుగుతుంది. బండి తిన్నగా పోవాలంటే డ్రైవరు స్టీరింగుని ఎప్పుడూ కాస్త పక్కకి తిప్పి పట్టుకోవాల్సిందే. వెనకనుంచి చూసేవాడికి బండి పీతలా పక్కవాటుగా పోతున్నట్టుంటుంది, లోపల కూర్చున్నవాడికి ఆ వంకర కనిపించదు.

దీన్ని పట్టుకోవడానికి టేపు చాలు. స్టీరింగు తిన్నగా పెట్టి, ముందు హబ్బు మధ్యనుంచి వెనక హబ్బు మధ్యకి రెండు పక్కలా కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా కొలతలో వచ్చిన తప్పు కావచ్చు. సెంటీమీటరు దాటితే మాత్రం యూబోల్టులు, సెంటర్ బోల్టు, షాకిల్ బుష్షులు చూడకుండా ఒక్క రూపాయి కూడా ముందు చక్రాల మీద పెట్టకండి. టేపు లేకపోతే తడి నేల మీద తిన్నగా ఓ పది గజాలు నడిపి దిగి చూడండి. వెనక టైర్ల జాడ ముందు జాడల మీద రెండు పక్కలా ఒకే తీరుగా పడాలి.

సెంటర్ బోల్టు చాలా చౌక. యూబోల్టులు కూడా మరీ ఖరీదు కాదు, ఒకసారి సాగినవాటిని మళ్లీ వాడకూడదంతే. కొత్తవి బిగించాక ఒకటి రెండు లోడ్లు తిరిగి, మళ్లీ వచ్చి బిగింపు చూపించుకోవాలి. ఈ రెండో బిగింపుకి వచ్చేవాళ్లు అరుదు. మళ్లీ అదే బోల్టు విరగడానికి అదే మూలం.

ఇక్కడే ఇంకో మాట. 'ఇంకో రెండు క్వింటాళ్లు ఎక్కుతుంది' అని వెనక అదనంగా కట్ట వేయిస్తుంటారు. వెనక భాగం లేచి ముక్కు కిందికి వంగుతుంది. దాంతో ముందు చక్రాల క్యాస్టర్ తగ్గిపోతుంది. తిప్పి వదిలిన స్టీరింగు తనంతట తను తిన్నగా రావడానికి కారణం ఆ క్యాస్టరే. అది తగ్గితే ఖాళీ బండి హైవే మీద తేలుతున్నట్టు అటూ ఇటూ పోతుంది. ఆ బండిని తీసుకెళ్లి 'టో సరిచెయ్' అంటే ఎవరేం చెయ్యగలరు? వేయించిన కట్ట తీయించడమే దానికి మందు. ఓవర్‌లోడు జరిమానా వేరే కథ.

పురికొస, సుద్దముక్క

కింద ఆట లేదు, వెనక ఇరుసు సరిగ్గా ఉంది, గాలి ఉంది. ఇప్పుడు టో కొలవచ్చు, దానికీ ఇంకా మిషను అక్కర్లేదు. కంప్యూటర్లు రాకముందు మేస్త్రులు చేసిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

చదునైన గచ్చు కావాలి. ముందు చక్రాలు ఎత్తి, టైరు మధ్యలో చుట్టూ సుద్ద రుద్దాలి. ఒక చెక్కముక్కకి మేకు దిగ్గొట్టి, దాన్ని కదలకుండా నేలకి నొక్కిపెట్టి, మేకు మొన టైరుకి తగిలేలా ఉంచి చక్రాన్ని తిప్పితే సుద్ద మీద సన్నటి గీత పడుతుంది. టైరు ఎంత వంకరైనా ఈ గీత నమ్మదగ్గది. రెండో చక్రానికీ అలాగే. బండి దింపి, స్టీరింగు తిన్నగా పెట్టి, నాలుగు గజాలు ముందుకి తోయాలి. వెనక్కి తోయకూడదు, సందుల్లోని కాస్త ఆట తిరగబడిపోతుంది.

ఇప్పుడు చక్రాల ముందు వైపు, హబ్బు ఎత్తులో, ఒక గీత నుంచి రెండో గీతకి టేపుతో కొలవాలి. కొలిచిన చోట గుర్తు పెట్టి, ఆ గుర్తు వెనక వైపు అదే ఎత్తుకి వచ్చేదాకా, అంటే చక్రం అరచుట్టు తిరిగేలా, బండిని ముందుకి తోసి మళ్లీ కొలవాలి. టేపు రెండో కొస పట్టడానికి ఇంకో మనిషి ఉండాలి. ముందు కొలత తక్కువైతే టో-ఇన్, ఎక్కువైతే టో-అవుట్. చాలా పికప్‌లకి సున్నా నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా టో-ఇన్ ఉంటుంది. మీ బండికి ఎంతో కంపెనీ పుస్తకమే చెప్పాలి, పక్క బండి డ్రైవరు కాదు.

సరిచేసేది టైరాడ్. ముందు ఒకే కడ్డీ ఇరుసున్న బళ్లలో రెండు చక్రాలనీ కలిపే ఒకే పొడుగాటి రాడ్డు ఉంటుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ ఆ కోవలోదే. రాడ్డు కొసల్లో మరలు ఒకటి కుడివాటం, ఒకటి ఎడమవాటం. క్లాంపులు వదులుచేసి రాడ్డుని తిప్పితే పొడుగు పెరుగుతుంది, తగ్గుతుంది. తొందర పనికిరాదు. రాడ్డు పట్టుకునే స్టీరింగ్ ఆర్ము పొట్టిది, టైరు పెద్దది. చాలా బళ్లలో రాడ్డుని పూర్తిగా ఒక్క చుట్టు తిప్పితే టైరు దగ్గర పది మిల్లీమీటర్లకి పైనే మారిపోతుంది. పావు చుట్టు తిప్పడం, బండిని ముందుకి తోయడం, మళ్లీ కొలవడం. మరలు తుప్పుపట్టి ఉంటే ముందురోజు రాత్రే నూనె వేసి నాననివ్వాలి. చివర్లో క్లాంపులు, లాకునట్లు బిగించాకే బండి కదలాలి. స్ప్లిట్ పిన్ను విప్పాల్సివస్తే పాతది పారేసి కొత్తది వేయాలి. రెండు చక్రాలకీ వేరువేరు టైరాడ్లున్న బళ్లలో రెండింటినీ సమానంగా తిప్పాలి, లేకపోతే బండి తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా నిలబడుతుంది.

తిన్నగా పోయేటప్పుడు కొలత సరిగ్గా ఉండి, మలుపులో మాత్రం టైర్లు కీచుమంటుంటే ఆ స్టీరింగ్ ఆర్ములే వంగి ఉండొచ్చు. మలుపులో లోపలి చక్రం బయటి చక్రంకన్నా ఎక్కువ తిరగాలి. గుర్రబ్బళ్ల కాలంలో, 1817లో, మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే బళ్లు కట్టే పనివాడు కనిపెట్టిన ఏర్పాటిది. మరుసటేడు లండన్‌లో అకర్‌మన్ దాని పేటెంటు తీసుకున్నాడు, పేరు అతనికే దక్కింది. చేసినవాడొకడు, పేరొకడిది. వంగిన ఆర్ముని సుత్తితో సాగగొట్టేవాళ్లుంటారు. వద్దు, మార్పించండి.

మిషను దగ్గర

ఇప్పుడు మిషను దగ్గరికి పోవచ్చు. గాజువాక ఆటోనగరైనా, వనస్థలిపురం పక్కనున్న హైదరాబాద్ ఆటోనగరైనా, పికప్ ఎక్కే ర్యాంపు, మీ మోడల్ అంకెలు రెండూ ఉన్న షాపు చూసుకోవాలి. కార్లకి మాత్రమే అలవాటైన చోట బొలెరో అంకెలకి బదులు ఇంకేదో మోడల్ నొక్కేసిన సందర్భాలుంటాయి. పని మొదలవ్వకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కాగితం అడగండి. ముందు కాగితం లేకపోతే ఏం మార్చారో ఎవరికీ తెలియదు. బండి ఖాళీగా ఉండాలి. నీళ్ల ట్యాంకు లాంటిది శాశ్వతంగా బిగించి ఉంటే అది అలాగే ఉంచి చూడమనాలి.

క్యాంబర్, క్యాస్టర్ విషయంలో బండి రకాన్ని బట్టి ఖర్చు మారుతుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మాక్స్ లాంటివాటికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. వాటికి మిషను మీద సరిచేసుకునే వీలుంటుంది. కడ్డీ ఇరుసు బళ్లలో ఆ వీలు లేదు. క్యాస్టర్‌కి కట్టకీ ఇరుసుకీ మధ్య వాలుగా ఉండే ఇనప ముక్క దోపుతారు, అది చౌకే. క్యాంబర్ చెడితే మాత్రం బుష్షులైనా అరిగి ఉండాలి, ఇరుసైనా వంగి ఉండాలి. బుష్షులు మార్చినా కుదరకపోతే హైడ్రాలిక్ జాకీలతో, కొలుచుకుంటూ, చల్లగా ఉన్నప్పుడే ఇరుసుని సరిచేసే అనుభవజ్ఞులు ఉన్నారు. గ్యాసు మంట పెట్టి వంచుతానంటే ఆ షాపులోంచి బండి బయటికి తీసుకొచ్చేయండి. వేడి తగిలితే ఆ ఉక్కు బలం పోతుంది. ముందు ఇరుసు విరగడానికి ఘాట్ రోడ్డు మలుపే చోటవుతుంది.

అన్నీ అయ్యాక కొత్త టైర్లు. మనవాళ్లు దీన్నీ తలకిందులు చేస్తారు, టైర్లు వేయించి 'రేపొచ్చి అలైన్‌మెంట్ చేయిస్తా' అంటారు. ఆ రేపు రెండు లోడ్ల తర్వాత వస్తుంది.

సెకండ్ హ్యాండ్ పికప్ బేరానికి పోయేటప్పుడూ ఇదే టేపు జేబులో వేసుకెళ్లండి. రెండు పక్కలా హబ్బు నుంచి హబ్బుకి కొలవండి. తర్వాత ఛాసిస్ కింద ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి, ఒకే రకం రంధ్రాల మధ్య ఐమూలగా కొలవండి. ఐమూలలు కలవకపోతే ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుని వచ్చింది, ఏ అలైన్‌మెంటూ దాన్ని తిన్నగా నడిపించలేదు. కొత్త రంగు, మెరిసే టైర్లు చూసి మోసపోకుండా టైరు లోపలి అంచు మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. నాలుగు టైర్లూ నిన్ననే కొన్నట్టుంటే పాతవి ఏవని అడగండి. చూపిస్తే చదువుకోవచ్చు. పాతవి పారేశాం అంటే, ఆ పారేసిన టైర్లలో ఏం రాసుందో అనుకుని ధర అడగండి.